వీరభద్రప్ప చెంబు

ఇట్లా రండి, దగ్గరికి జరగండి. గోడకానుకుని సెల్లు చూసుకుంటున్నవాళ్లు దాన్ని జేబులో పెట్టండి. వక్కాకు నమిలేవాళ్లు నమలండి గానీ నోరు మాత్రం విప్పొద్దు. ఇది చెంబు కథ. మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆ చెంబే ఎగిరొచ్చి వాళ్ల నెత్తికి తగులుతుందని ఎమ్మిగనూరులో పేరు. వెనకాల గొణిగే ఆయన కూడా ఆపితే మొదలుపెడదాం. ఆపాడు. మంచిది.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో వీరభద్రప్ప అని ఒక నేతగాడు. ఆయన ఇంట్లో ఒక ఇత్తడి చెంబు. ఆ చెంబు మీద సొట్ట లేని చోటు వెతకాలంటే అద్దాలు పెట్టుకోవాలి. ఒక్కో సొట్టకు ఒక్కో కారణం. నడుము దగ్గరిది వీధిలోకి కరెంటు మగ్గాలు వచ్చిన ఏడాదిది. అడుగున ఉన్నది పప్పులో ఉప్పెక్కువైన రోజుది. మూతి దగ్గరి పెద్ద సొట్ట కూతురి పెళ్లిచూపులది. ఆ రోజు అది కిటికీలోంచి లేచి, రెండు మిద్దెలు దాటి, మూడో మిద్దె మీద ఎండబెట్టిన వడియాల్లో వాలిందట. ఆ ఇంటావిడ వడియాలు ఏరుకుని, చెంబు కడిగి, నిండా నీళ్లు పోసి తిరిగి పంపిందట. నీళ్లు కాదు, మజ్జిగ అనేవాళ్లు కూడా ఉన్నారు.

వీరభద్రప్పకు కోపం వస్తే చేతికి అందింది ఎగరాల్సిందే. చెంబు అందితే చెంబు, నాడె అందితే నాడె. మగ్గంలో దారాన్ని ఇటు నుంచి అటు మోసుకెళ్లే ఆ నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. అందుకని ఆయన భార్య నీలమ్మకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఒకటే పని, మిగతా పనులన్నీ దాని తర్వాతే. మగ్గం మీద దారం తెగగానే, ఆయనకు అందేలా ఉన్నవాటిని అందకుండా జరపడం. దారం తెగిన చప్పుడు మీకూ నాకూ వినపడదు. నీలమ్మకు వంటింట్లో తాలింపు చిటపటలాడుతున్నా వినపడుతుంది.

అట్లాంటి మనిషి మొన్నటి వానల తర్వాత చల్లబడ్డాడు. చెంబు ఎగరడం లేదు. వీధిలో పిల్లులు నిర్భయంగా తిరుగుతున్నాయి. ఎందుకు చల్లబడ్డాడో ఎవరికీ తెలియదు. షుగరు వచ్చిందని ఒకరు, ఎవరో స్వామి తాయత్తు కట్టాడని ఇంకొకరు. ఎదురింటి కమలమ్మవ్వ అయితే, పక్క సందులో కొత్తగా నిలబెట్టిన సెల్లు టవరు ఆయన కోపాన్ని పైకి లాగేసుకుంటోందని గట్టిగా చెప్పింది. టవరు పక్కింటివాళ్లు ఈ మధ్య రోజూ కొట్లాడుకుంటున్నారనీ, ఆ కోపమంతా ఈయనదేననీ సాక్ష్యం కూడా చూపించింది.

నాలుగిళ్ల అవతల ఉండే సుంకన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయనా నేతగాడే, వీరభద్రప్పకు వరసకు తమ్ముడు. జయన్న బజ్జీల బండి దగ్గర నిలబడి, బొరుగుల ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నంజుకుంటూ తేల్చేశాడు.

"పుట్టుకతో వచ్చిన బుద్ది పుడకలతో గానీ పోదు జయన్నా. ఆదివారం వీదిలో పడుగు సాచుతాండాడు గదా. పడుగు ఎత్తే లోపల ఆ సెంబు ఎగరల్ల. ఎగరకపోతే వీది వీదికంతా నేను ఉగ్గాని బజ్జీ పెట్టిస్తా."

"ఎగిరితే?"

"నువ్వు పెట్టు."

"బండీ నాది, పిండీ నాది, పెట్టేది గూడ నేనేనా?" అని జయన్న కాసేపు ఆలోచించాడు. "సరే కానీలే. ఆ మనిసి మారినాడని నాకెందుకో నమ్మకం."

ఈ పందెం సంగతి నీలమ్మకు అప్పటికి తెలియదు. ఆమె ఆ గంటకు ఆదోని బస్సులో నిలబడి ఉంది.

ఆదోనిలో దిగి, పత్తి యార్డు ముందు ట్రాక్టర్ల వరసను తప్పించుకుంటూ ఆటో పోతుంటే నీలమ్మ ఒళ్లో బొరుగుల ఉండల సంచిని గట్టిగా పట్టుకుంది. కూతురు అరుణకుమారి ఇల్లు ఒక జిన్నింగు మిల్లు వెనక సందులో. అల్లుడు ఆ మిల్లులోనే పని. పత్తి సీజనులో ఆ సందులో గాలి కూడా తెల్లగానే ఉంటుంది. కుక్కలు గొర్రెల్లా కనిపిస్తాయి. పిల్లలు ఐదేళ్లకే తలనెరిసి తిరుగుతారు. మనవరాలు నందిని వాకిట్లోకి ఎదురొచ్చినప్పుడు నీలమ్మ ముందు దాని జుట్టులోంచి దూది ఏరింది, తర్వాతే ఎత్తుకుంది.

"అవ్వా, ఏం తెచ్చినావు?"

"నన్ను తెచ్చినా. సాలదా?"

"సాలదు," అంది నందిని, సంచిలో చెయ్యి పెట్టి.

అరుణకుమారి చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. రాళ్లకంటే దూదే ఎక్కువ ఏరుతోంది. తల్లి కుదురుగా కూర్చునేదాకా ఆగి, తలెత్తకుండా చెప్పింది.

"మా, నాకి కర్నూల్లో ఆసుపత్రి పని వచ్చింది. మళ్లా వానలు పడేదాంక ఆడనే ఉండి నేర్సుకోవల్ల. ఈయప్పకు సీజను, ఇంటికొచ్చే పొద్దే తెల్దు. పాపను యాడన్నా పెట్టల్ల."

"నా దగ్గర పెట్టు."

కూతురు మాట పూర్తి కాకముందే నీలమ్మ నోట్లోంచి అది వచ్చేసింది. అరుణకుమారి చాటలోంచి ఒక దూది పోగు తీసి వేళ్ల మధ్య ఉండచుట్టింది.

"నాడె ఉయ్యాల కొయ్యకు గుచ్చుకున్యాది, మతికుందా? ఇది దాంట్లోనే పండుకోనుండె. ఆపొద్దు బస్సెక్కినదాన్ని మళ్లా ఆ ఇంటి గడప తొక్కలేదు నేను."

"ఇప్పుడు అట్ల లేడే. వానల కాలం నుంచి ఒక్కటీ ఇసరలేదు."

"ఇసరలేదంటే మారినట్లేనా?"

నందిని ఉండ కటుక్కున కొరికింది.

"నాయన్ను అడిగితే మారినా అంటాడు," అంది అరుణకుమారి. "ఎవరైనా అట్లే అంటారు. నువ్వు సెప్పు. ఆయన పక్కన ఇన్నేండ్లు ఉన్నింది నువ్వు. ఆదివారం దీన్ని తోలుకొని వస్తా. మారినాడు అను, వదిలిపెట్టి పోతా. ల్యాదను, అట్లనే హొసపేట బస్సెక్కిస్తా, మా ఆడబిడ్డ దగ్గరికి. నువ్వేం సెప్తే అదే. నాకి కారణం సెప్పల్సిన పనిల్యా, ఒగ మాట సాలు."

నీలమ్మ తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా బయటికి చూడలేదు. మనవరాలిని ఎప్పుడు చూసినా ఇట్లాగే, వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ మధ్య. ఉయ్యాల రోజుల తర్వాత అది నిద్రలేచి కళ్లు నులుముకోవడం ఆమె ఒక్కసారీ చూడలేదు. ఊఁ అంటే చూడొచ్చు. కానీ ఊఁ అన్నాక ఒక దారం తెగి, ఒక నాడె ఎగిరితే?

ఇంటికి వచ్చేసరికి వీరభద్రప్ప మగ్గం గుంటలోనే ఉన్నాడు. కాళ్లు ఆడుతున్నాయి, నాడె అటూ ఇటూ పోతోంది. తల ఎత్తకుండా అడిగాడు.

"పాప బాగుండాదా?"

"బాగుండాది. నెత్తంతా దూదే."

మగ్గం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఆడింది.

ఆ మర్నాడు నీలమ్మ జన్మలో చేయని పని ఒకటి చేసింది. చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన కుడిచేతి పక్కనే, చెయ్యి చాపాల్సిన పని కూడా లేకుండా, గుంట అంచున పెట్టింది. పెట్టి, వెళ్లి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. రాట్నం తిప్పుతోందే గానీ వీపే కళ్లయి చూస్తోంది.

దారం తెగింది.

నీలమ్మ ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, చెంబును జరపడానికి. ఆమె ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. మెల్లగా తల తిప్పి చూసింది. వీరభద్రప్ప తెగిన పోగు వైపే చూస్తున్నాడు. మెడ నరం తాడులా లేచి ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. కుడిచెయ్యి చెంబు మీదికి పోయింది.

ఆయన చెంబెత్తి, నీళ్లన్నీ గటగటా తాగాడు. తర్వాత, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గుంటలోంచి లేవని మనిషి, రెండు చేతులూ ఆనించి పైకి లేచాడు. వంటింట్లోకి నడిచి, చెంబును పైగూట్లో, తనకే మునివేళ్ల మీద నిలబడితే తప్ప అందనంత ఎత్తులో పెట్టి వచ్చాడు. గుంటలోకి దిగాక వెంటనే పని మొదలుపెట్టలేదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత తెగిన పోగు ముడేశాడు.

దాహమై తాగాడా? చలేసి చేతులు దాచుకున్నాడా? నీలమ్మకు తేలలేదు. ఈ చంకల్లో చేతులు పెట్టుకోవడం ఆమె వానల కాలం నుంచీ చూస్తూనే ఉంది, ముసలితనం అనుకుంది. అన్నం తినే స్టీలు తట్ట బరువుగా ఉందని చెప్పి ప్లాస్టిక్ తట్ట కొనుక్కొచ్చుకున్నాడు, అదీ ముసలితనమే అనుకుంది. మగ్గం సుత్తె కనపడక అడిగితే అటక మీద ఉందన్నాడు. అటక మీద ఎవరు పెట్టారో ఆమెకు గుర్తులేదు. తనే జరిపి మరిచిపోయి ఉంటుందనుకుంది.

మధ్యాహ్నం సంగటిలోకి పులుసు చేసి, అందులో ఉప్పు వేయలేదు. ఇది రెండో పరీక్ష. ఆయన ముద్ద ముంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆమె మొహంలోకి చూశాడు. మళ్లీ ముంచుకున్నాడు. మొత్తం తిని, తట్ట కడుక్కుని, లేచేటప్పుడు అన్నాడు.

"ఉప్పు అయిపోయిందా ఇంట్లో?"

"ఉండాది."

"ఉంటే సరే."

ఉప్పెక్కువైన పప్పుకు చెంబుకు సొట్ట పెట్టినవాడు, ఉప్పులేని పులుసుకు ఈ మాట అన్నాడు. మారాడనే చెప్పాలి. కానీ కూతురి ముందు నిలబడి ఆ మాట ఎట్లా అనాలి? మొహంలోకి చూసిన ఆ చూపులో కోపం లేదని నీలమ్మ ఖాయంగా అనలేకపోయింది.

"ఏమప్పా, నీకి కోపం రాదా ఈమద్దె?" అని అడిగేసింది చివరికి.

"పడుగు గంజికి బియ్యం నానబెట్టినావా?" అన్నాడు వీరభద్రప్ప.

పడుగు పనికి ముందురోజు సాయంత్రం కమలమ్మవ్వ వచ్చి గడపలో కూలబడింది. ఆమె గడపలో కూర్చుందంటే కబురు తెచ్చినట్టే.

"నీలమ్మా, ఈపొద్దు అన్నం కొంచం తిను. రేపు బజ్జీలుండాయి."

"ఏం బజ్జీలవ్వా?"

కమలమ్మవ్వ పందెం సంగతి చెప్పింది. సుంకన్న ఏమన్నాడు, జయన్న ఏమన్నాడు, ఎవరెవరు ఎటువైపు ఉన్నారు, తను మాత్రం టవరు వైపు ఉన్నానని అంతా వివరంగా చెప్పింది. నీలమ్మ నానిన బియ్యం నలుపుతూ వింది. వీళ్లకు ఈ మనిషి కోపం ఇన్నేళ్లు తమాషా అయింది. కోపం పోయిందంటే అదీ తమాషానే. బియ్యం పిండి కాదు, గంధం అయ్యేదాకా నలిపింది.

ఆదివారం తెల్లవారుతూనే వీధిలో పడుగు చాచారు. ఈ రోజుల్లో గంజి పెట్టిన పడుగు రెడీగా దొరుకుతుంది గానీ, వీరభద్రప్పకు తన చేత్తో గంజి పట్టిస్తేనే నిద్రపడుతుంది. చూడనివాళ్లకు చెప్పాలంటే, నేయబోయే దారాలన్నీ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు చాపలా పరిచి లాగి కడతారు. కింద కత్తెర కర్రలు ఆనిస్తారు. గంజి పూసి, పెద్ద కుంచెతో ఇద్దరు అటూ ఇటూ నడుస్తూ ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. ఆపితే దారాలన్నీ అంటుకుని తాడవుతాయి. ఎండ ఎక్కకముందే అయిపోవాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఎంత కోపిష్టివాడి పడుగుకైనా వీధి వస్తుంది. తిట్లు తింటూ అయినా వస్తుంది.

పడుగు ఆ చివర తాడును సుంకన్న ఇంటి ముందు గుంజకు కట్టారు. పట్టు చూసుకునేది సుంకన్న. వీరభద్రప్ప ఒక పక్క, పక్కింటాయన ఇంకో పక్క కుంచె పట్టారు. నీలమ్మ గంజి ముంత గోడ వారగా పెట్టి, పడుగు వెంట నడుస్తూ తెగిన పోగులు ముడేస్తోంది. వేళ్లు తడుపుకోవడానికి నీళ్లు కావాలి గనక పీట వేసుకుని పైగూట్లోంచి చెంబు దించి తెచ్చుకుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, దాన్ని కింద పెట్టకుండా నడుము పక్కన ఇరికించుకుంది. జయన్న బజ్జీల బండి ఆ రోజు మామూలు చోట లేదు, సుంకన్న ఇంటి ఎదురుగా వచ్చి నిలబడింది. నూనె కాగుతోంది.

గంజి బాగా పట్టింది. కుంచె నడుస్తోంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, అందరి చెవులూ ఒకే చోట ఉన్నాయి. దారం తెగింది, వీరభద్రప్ప ఏమీ అనలేదు. ఇంకోటి తెగింది, ఏమీ అనలేదు. సుంకన్న మొహం వేలాడింది. జయన్న నూనెలో ఒక బజ్జీ వేసి, గెలిచినవాడిలా నవ్వాడు.

నీలమ్మ అప్పుడు చేతులు చూస్తోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె మనుషుల మొహాల కంటే చేతులే ఎక్కువ చూసింది. ఏ చెయ్యి ఎప్పుడు ఎటు పోతుందో అది కదలకముందే ఆమెకు తెలుస్తుంది. సుంకన్న జయన్న వైపు చూసి కన్నుగీటడం ఆమె చూడలేదు. అతని బొటనవేలు తాడు ముడి కిందికి దూరడం చూసింది.

ముడి వదులైంది. కొంచెం కిందికి జారనిచ్చి, చటుక్కున పట్టుకుందామని సుంకన్న లెక్క. అన్నకు కాస్త గుండె జారాలి, అంతే. కానీ అది తడి పడుగు, గంజి తాగి ఎద్దంత బరువుంది. తాడు సుంకన్న చేతిలోంచి చర్రున పోయింది. కత్తెర కర్రలు ఒకదాని వెంట ఒకటి ఒరిగాయి. వీధి పొడవునా తెల్లగా మెరుస్తున్న పడుగు మట్టిలో పడుకుంది.

ఎవరూ పడుగు వైపు చూడలేదు. అందరూ వీరభద్రప్ప చేతుల వైపు చూశారు.

ఆయన చేతిలో బరువైన కుంచె ఉంది. మెడ నరం లేచింది. చెవులు ఎర్రబడ్డాయి. కుంచెను నెమ్మదిగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, అరుగు మీద పెట్టాడు. దాని నుంచి నాలుగు అడుగులు దూరం జరిగాడు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడ్డాడు.

"తాడు జారిందన్నా," అన్నాడు సుంకన్న. గొంతు తడబడుతోంది, అయినా నోరు ఊరుకోలేదు. "మంచు తడి గదా. ఏమన్నా, కోపమొచ్చినట్లుండాదే. మొగం సూడు, జయన్న పొయ్యి మాదిరి అయింది."

"జారలేదు," అంది నీలమ్మ.

ఆమె గొంతు వీధిలో ఎవరూ విని ఎరగరు గనక, ఎవరన్నారా అని వెతుక్కున్నారు.

"జారలేదు సుంకన్నా. నువ్వు వదిలినావు. నేను సూసినా. బజ్జీల కోసం వదిలినావు."

సుంకన్న నవ్వబోయాడు. "ఏంది వదినా, నువ్వు గూడానా? గమ్మునుండు. మొగోళ్ల మద్దె నీకెందుకు?"

చెంబు ఎగిరింది.

ఎవరు విసిరారో చాలామందికి వెంటనే అర్థం కాలేదు. అందరూ వీరభద్రప్ప చేతులనే చూస్తున్నారు, ఆ రెండు చేతులూ చంకల్లోనే ఉన్నాయి. చెంబు సుంకన్న చెవి పక్కనుంచి, అతని చెవిలో నీళ్లు పోస్తూ పోయింది. బజ్జీల బండి రేకుకు తగిలి ఖంగుమంది. ఆ మోత మంత్రాలయం దాకా వినపడిందని, అక్కడ ఒకాయన గుడి గంట అనుకుని దణ్ణం పెట్టుకున్నాడని అంటారు. అది నిజమో కాదో గానీ, బండి రేకు మీద సొట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. అక్కడినుంచి దొర్లి దొర్లి, వీధి మొగదల అప్పుడే ఆగిన ఆటో చక్రం దగ్గర నిలిచింది.

ఆటోలోంచి అరుణకుమారి దిగింది. ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో నందిని. నాన్న చెంబు విసురుతాడా లేదా అని తెలుసుకోవడానికి ఆదోని నుంచి వచ్చిన మనిషి, అమ్మ విసరడం చూసి, అక్కడే నిలబడిపోయింది.

నీలమ్మకు ఇవేవీ కనపడలేదు. ఆమె చెయ్యి గోడవారనున్న గంజి ముంత మీద పడింది. ముంత పైకి లేచింది. అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి, ఆమె మణికట్టును కాదు, ముంతనే పట్టుకుంది. లాక్కోలేదు. ఆమె వేళ్లు వదులయ్యేదాకా అట్లాగే పట్టుకుని ఉండి, తర్వాత తీసుకుని, అరుగు మీద ఆమెకు అందని మూలన పెట్టింది.

"మొదటిది గురి తప్పుతాది," అన్నాడు వీరభద్రప్ప మెల్లగా. "రెండోదే తగుల్తాది. నాకి తెల్సు."

నీలమ్మ గిర్రున ఆయన వైపు తిరిగింది. "నీకి కోపం రాలేదా? సాచిన పడుగంతా మట్టి పాల్జేస్తే, నీకి కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? వాణ్ణి ఆ గుంజకే కట్టేసి, వేడిగంజి పోసి, కుంచెతో దువ్వల్లనిపిచ్చింది."

"మరి?"

"మరేముంది? సేతికి ఏమీ అందకుండ సూసుకుంటా." ఆయన నేల చూస్తూ చెప్పాడు. "సుత్తె అటకెక్కించినా. తట్ట ప్లాస్టిక్కుది. సెంబు పైగూట్లో. నువ్వు జరపకముందే నేనే జరుపుకుంటాండా. కోపం యాడికీ పోలేదు మే. అట్లే ఉండాది."

"ఎప్పటినుంచి ఈ పని?"

ఆయన తన కుడిచెయ్యి వైపు చూసుకుని, దాన్ని మళ్లీ చంకలో దోపుకున్నాడు.

"వానల్లో ఒగపొద్దు మద్యాన్నం నువ్వు మగ్గం పక్కన కునుకు తీస్తాంటివి. దారం తెగె. నేను గమ్మునే ఉన్న్యా. నువ్వు కండ్లు మూసుకొనే సెయ్యి సాపి సెంబు జరిపితివి. నిద్దర్లో. జరిపి, అటు తిరిగి పండుకొంటివి."

అని, వెళ్లి ఒరిగిన కత్తెర కర్రను లేపి నిలబెట్టాడు.

సుంకన్న చెవిలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. తన ఇంట్లోకి పోయి రెండు బిందెల నీళ్లు తెచ్చి పెట్టి, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని పడుగు ఒక కొస నుంచి కడగడం మొదలుపెట్టాడు. "వదినా," అన్నాడు తల ఎత్తకుండా, "కొంచం కిందికి జారనిస్తే సాలనుకుంటి." నీలమ్మ వచ్చి అతని పక్కనే కూర్చుని ఇంకో పాయ అందుకుంది. పక్కింటాయన వచ్చాడు. జయన్న పొయ్యి తగ్గించి వచ్చాడు. అరుణకుమారి సంచి అరుగు మీద పెట్టి, చీర కొంగు దోపుకుని, చిన్నప్పుడు చేసినట్టే కర్రల కింద కూర్చుని చిక్కులు తీసింది. మళ్లీ లాగి కట్టి, మళ్లీ గంజి పట్టించి, ఆరబెట్టేసరికి ఎండ వీధిలోకి దిగనే దిగింది. కొన్ని పాయలు అంటుకున్నాయి. ఎక్కువ భాగం దక్కింది.

అప్పుడు అరుణకుమారి తల్లి దగ్గరికి వచ్చింది. నాన్న వినేంత దూరంలోనే ఉన్నాడు, కుంచె కడుగుతూ.

"మా. నేనడిగినదానికి ఏం సెప్తావు?"

నీలమ్మ చేతులకు గంజి ఆరి పెచ్చులు కట్టింది. వాటిని ఒక్కొక్కటీ ఊడదీసింది. కూతురికి ఈ మాట చెప్పడానికి ఆమె ఎన్ని రకాలుగా అనుకుందో, అవేవీ ఇప్పుడు పనికిరావు.

"మారలేదు," అంది.

వీరభద్రప్ప చేతిలో కుంచె ఆగింది.

"మీ నాయన మారలేదు. పాపను వదిలిపెట్టి పో."

"ఏందిమా నువ్వు సెప్పేది?"

"ఉన్నిందే సెప్తాండా. కోపం అట్లే ఉండాదంట, ఆయప్పే సెప్పినాడు. మారినా అనుంటే నేను నమ్మకపోదును. నిన్ను హొసపేట బస్సెక్కమందును." నీలమ్మ ఆఖరి పెచ్చు ఊడదీసి పారేసింది. "అటక ఎత్తుగుండాది. సేతికందేవన్నీ దినామూ దానిమీదికి ఎక్కిస్తాండాడు. నేను సూస్తా గదా. నన్ను ఆయన సూస్తాడు."

అరుణకుమారి నాన్న వైపు చూసింది. ఆయన ఇటు తిరగలేదు. ఈ లోపల నందిని వీధి మొగదల పడిన చెంబును రెండు చేతులా ఎత్తుకుని, కొత్త సొట్టలో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి, నేరుగా తాత ముందు నిలబడింది.

"తాతా, ఇది నీదా?"

వీరభద్రప్ప తడిచేతులు పంచెకు తుడుచుకుని చెంబు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగి పిల్ల చేతిలోనే పెట్టాడు.

"ఇంట్లోకి తీస్కపో. మీ అవ్వకు అందకుండ యాడన్నా పెట్టు."

నందిని లోపలికి పోయింది. కాసేపటికి అరుణకుమారి అరుగు మీది బట్టల సంచి తీసుకుని, బస్టాండు దారి వైపు కాక, గడప వైపు నడిచింది. తొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, తొక్కింది. నీలమ్మ అది చూసి, చూడనట్టు కర్రలు ఏరడం మొదలుపెట్టింది.

తర్వాత పందెం సంగతి వచ్చింది. పడుగు ఎత్తే లోపల చెంబు ఎగరాలన్నది మాట, ఎగిరింది గనక గెలుపు నీదే అని సుంకన్నతో ఎవరో అన్నారు. సుంకన్న చెవి తుడుచుకుంటూ, గెలవనూ వద్దు తిననూ వద్దు అన్నాడు. జయన్న, విసిరింది వీరభద్రన్న కాదు గనక ఆ మనిషి మారినట్టే, గెలిచింది నేనే అన్నాడు. మారలేదని పెళ్లామే చెప్పింది కదా అని పక్కింటాయన. కాసేపు వీధంతా ఇదే తగువు, మనిషి బుద్ధి మారుతుందా మారదా అని. బజ్జీలు మాడిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

అంతసేపూ అరుగు మీద కూర్చుని, మాడిన బజ్జీ ఒకటి నములుతున్న కమలమ్మవ్వ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"ఆ మొగుడూపెండ్లాలను ఎందుకప్పా అంటారు, ఇద్దరూ బంగారమట్లోల్లు. తప్పంతా ఆ సెంబుది. దాన్ని వాళ్లు కొన్న్యాటప్పుడు అంగట్లో నేనూ ఉన్న్యా. అప్పుడే అది బల్ల మీద ఒగ సోట నిలబడేది కాదు."